మేస్త్రమ్మ మట్టిగది

ఆమెను మొదట మేస్త్రమ్మ అని పిలిచింది బావగారు, అంటే భర్తకు అన్నగారు. గౌరవంతో కాదు, ఎగతాళికి. పెళ్లయి తోటలోని అత్తవారింటికి వచ్చిన మూడో నెలలో వంటింటి వెనక గోడ పగిలింది. ఆమె ఎవరికీ చెప్పకుండా తట్టెడు ఇసుకలో సిమెంటు కలుపుకొని, కొంగు బిగించి, పొద్దెక్కేలోగా ఆ పగులు పూడ్చేసింది. "కోడలు వచ్చిందనుకున్నాం, మేస్త్రమ్మ వచ్చిందన్నమాట," అని ఆయన నవ్వాడు. ఆయన నవ్వు ఆ పూటతో అయిపోయింది గాని, పేరు మాత్రం పాలు పోయించుకునే గుమాస్తా దాకా, బస్సు కండక్టరు దాకా పాకి అతుక్కుపోయింది.

ఆ మాటలో అబద్ధమూ లేదు. ఆమె తండ్రి పట్నంలో పేరున్న తాపీమేస్త్రి. తల్లి చిన్నప్పుడే పోయింది. పిల్లను ఎక్కడ వదలాలో తెలియక ఆయన పనికి వెంటబెట్టుకుపోయేవాడు. ఆమె ఇసుక గుట్టల మీద ఆడుకుంటూ పెరిగింది. పదేళ్లకు గుండు కట్టిన దారం వేలాడదీసి గోడ నిలువు చూడడం నేర్చింది. పద్దెనిమిది నిండేసరికి, చెయ్యి తిరిగిన మేస్త్రులు కూడా తడబడే మూల వరసలు ఆమెకు లొంగాయి. కాని ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఆడవాళ్లు ఇటుకలు మోస్తారు, మగవాళ్లు పేరుస్తారు. ఇంటి యజమాని వస్తున్నాడని తెలియగానే తండ్రి ఆమె చేతిలోని తాపీ తీసుకుని తట్ట అందించేవాడు. యజమాని వీధి మలుపు తిరగగానే తాపీ మళ్లీ ఆమె చేతికి వచ్చేది. పట్నంలో పది పన్నెండు ఇళ్లలో ఆమె పేర్చిన గోడలున్నాయి. ఆ సంగతి ఆమెకూ తండ్రికీ తప్ప మూడో మనిషికి తెలియదు. బస్సులో ఆ వీధుల మీదుగా పోయేటప్పుడు ఆమె కిటికీ పక్కన కూర్చునేది. తన గోడలను ఒక్కొక్కటిగా చూసుకునేది. ఎక్కడా పగులు కనిపించేది కాదు. లోలోపలే మురిసిపోయేది.

అత్తవారిది ఎనిమిదెకరాల వాలు నేల. పైన జామ, కింద నిమ్మ, మధ్యలో ఇల్లు, ఆవుల కొట్టం, ఒక బావి. పెత్తనం అత్తగారిది. అమ్మ మాట లేకుండా ఈ తోటలో కొమ్మ కూడా వంగదని భర్త అంటుండేవాడు, అదీ అమ్మ దరిదాపుల్లో లేనప్పుడు. ఆయన మాటల పొదుపరి. చెట్లకు అంట్లు కట్టడంలో మాత్రం ఆయనకు సాటి లేరు. చెట్లతో మాట్లాడినంత నాతో మాట్లాడి ఉంటే ఈపాటికి నేనూ కాయలు కాసేదాన్ని కదా అని మేస్త్రమ్మ దెప్పేది. బావగారికి పట్నంలో సిమెంటూ ఇనుమూ అమ్మే కొట్టు ఉంది. ఆదివారాలు తోటకు వచ్చి, తల్లి పక్కన కూర్చుని, పట్నంలో ఎవరు ఎన్ని అంతస్తులు లేపుతున్నారో చెప్పి వెళ్లేవాడు.

అలా ఇరవై ఏళ్లు గడిచాయి. కూతురు పుట్టి, పెరిగి, పై చదువుకని హాస్టల్లో చేరింది. మేస్త్రమ్మ పాలు పితికింది, కలుపు తీసింది, జామకాయలు బుట్టలకెత్తింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తాపీకి ఏడాదికోసారి నూనె రాసి మళ్లీ అటకెక్కించింది.

ఒక ఏడాది చలికాలంలో కాలేజీ నుంచి ఒకావిడ మెడలో దుర్భిణీ వేసుకుని తోటకు వచ్చింది. పక్షులను లెక్కపెట్టడం ఆవిడ ఉద్యోగం. మూడు రోజులు ఉండాలి, పట్నం నుంచి తెల్లవారకముందే రావడానికి బస్సు లేదు. చేసేది లేక మోటారు కొట్లో మంచం వేసుకుని పడుకుంది. నూనె వాసన, ఎలుకలు. అయినా నాలుగో రోజు వెళ్లేటప్పుడు, ఇక్కడ ఒక శుభ్రమైన గది ఉంటే నెలకోసారి వచ్చి ఉంటాననీ, తనలాంటివాళ్లు చాలామంది ఉన్నారనీ చెప్పింది. అత్తగారికి నవ్వాగలేదు. లెక్కపెట్టడానికి మా పిట్టలేమైనా తప్పిపోయాయా అంది.

మేస్త్రమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆమె మనసులో గూడు కట్టుకుంది.

ఆ వేసవిలోనే తోట దిగువన వాననీటి గుంట తవ్వించారు. తవ్విన మట్టి కొండలా పోగుపడింది. పసుపు పచ్చని జిగట మట్టి. చెట్లకు పనికిరాదు, తోలుకుపోతామన్నవాడు లేడు. మేస్త్రమ్మ ఒకరోజు పిడికెడు మట్టి తడిపి అరచేతుల మధ్య తాడులా నలిచి గాల్లో వేలాడదీసింది. జానెడు పొడవు దాకా తెగలేదు. గాజు సీసాలో నీళ్లు పోసి, మట్టి వేసి కుదిపి, రెండు రోజులు కదలకుండా ఉంచింది. ఇసుక ఎంతో, జిగురు ఎంతో పొరలు పొరలుగా తేలింది. ఎండు గడ్డి కలిపి పది దిమ్మెలు చేసి ఆరబెట్టింది. వాటిలో ఒకదాన్ని ఇంటి అరుగు మీంచి కింద పడేసింది. అరుగు అంచు రాలింది గాని దిమ్మె పగలలేదు. మా తాత మట్టితో కట్టేవాడు, మా నాన్న సున్నంతో, నేను సిమెంటుతో అని తండ్రి చెప్పిన మాట ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం భోజనాల దగ్గర ఆమె విషయం బయటపెట్టింది. జామతోట పైన మొక్క బతకని రాళ్ల జాగా ఉంది. అక్కడ ఒక గది, చిన్న వరండా. మట్టిగోడలు, పాత పెంకులు. వచ్చిన అతిథులు ఒక రోజో రెండు రోజులో ఉండి వెళతారు. భర్త తల ఎత్తి చూశాడు. బావగారు ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"సిమెంటు కొట్టువాడి ఇంట్లో మట్టిగోడ లేచిందంటే ఇక నా కొట్టుకు ఎవడొస్తాడమ్మాయ్? వైద్యుడి ఇంట్లోవాళ్లు భూతవైద్యుడి దగ్గరికి పోయినట్టు ఉంటుంది," అన్నాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని ఊరికే అనలేదు, రెండోది ఇంకా చెయ్యాల్సి ఉంది, ముందే నడుం విరగ్గొట్టుకోకండి అని హితవు కూడా చెప్పాడు. అత్తగారు అన్నం ముగించి లేచింది. చెయ్యి కడుక్కున్నాక మూడు షరతులు పెట్టింది. ఒక్క చెట్టు కొట్టకూడదు. బావిలోంచి ఆ గదికి ఒక్క బిందె నీళ్లు పోకూడదు, ఎందుకంటే ఎండాకాలం చెట్లకే చాలవు. వచ్చేవాళ్లు తన ఆవులను బెదరగొట్టకూడదు. ఆ మూడూ జరిగే పని కాదని, దాంతో కోడలు ఊరుకుంటుందని ఆమె అనుకుంది. ఆ షరతులే తన గదికి కొలతలయ్యాయని మేస్త్రమ్మ తర్వాత అందరికీ చెప్పేది.

చెట్టు కొట్టకూడదు గనక చెక్క కోసం వెతికింది. పట్నంలో పాత బడి పడగొడుతున్నారు. తలుపులు, కిటికీలు, దూలాలు, పెంకులు, ఆఖరికి వృత్తలేఖినితో పొడిచిన బొక్కలున్న బెంచీలతో సహా బండికెత్తించుకుని వచ్చింది. నల్లబల్ల కూడా తెచ్చింది. అదెందుకని భర్త అడిగితే బల్ల చేయించడానికంది. బావి నీళ్లు వద్దు గనక కప్పు మీద పడే వాన నీటిని తొట్టెలోకి దింపే ఏర్పాటు ఆలోచించింది. మరుగుదొడ్డికి కూడా నీళ్లు అక్కర్లేని పద్ధతి ఎంచుకుంది. రెండు గుంతలు, పైన రంపపు పొట్టు. ఒకటి నిండాక ఏడాది మూసి ఉంచితే ఎరువవుతుంది. ఈ సంగతి విన్న రోజు అత్తగారు రాత్రి భోజనం మానేసింది.

పనికి ఇద్దరు ఆడవాళ్లు కుదిరారు. ఇద్దరూ పట్నంలో ఇటుకలు మోసి మోసి విసిగినవాళ్లే. ఒకావిడ ఎంత పొడుగంటే అందరూ నిచ్చెనమ్మ అనేవాళ్లు. రెండో ఆవిడ మాట ముందే నవ్వేది, ఆమె గలగలమ్మ. వాళ్లకు మొదటి రోజే మేస్త్రమ్మ తట్టలు కాకుండా తాపీలు ఇచ్చింది. నిచ్చెనమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఎవరికి అందించాలమ్మా అని అడిగింది. ఎవరికీ కాదు, నీకే అంది మేస్త్రమ్మ.

పొలంలో ఏరిన రాళ్లతో పునాది వేశారు. గుంట ఒడ్డున మట్టి, గడ్డి, నీళ్లు పోసి నలుగురూ కాళ్లతో తొక్కారు. భర్త కూడా పంచె ఎగగట్టి దిగాడు. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని పెద్దలన్నారు, మీరేమో రోజూ తొక్కుతారు, రోజూ కడుగుతారు అని అత్తగారు గట్టు మీద నిలబడి సాధించేది. అయినా గట్టు మీదికి రావడం మానలేదు. గోడ రోజుకు మూరెడు కంటే ఎక్కువ లేపకూడదు. కింది వరస ఆరి గట్టిపడితేనే పై వరస నిలుస్తుంది. సిమెంటు పనికి అలవాటుపడ్డ చేతులకు ఆ నిదానం మొదట్లో చిరాకు పుట్టించింది. తర్వాత అదే బాగుందనిపించింది.

గోడలు కిటికీ ఎత్తుకు వచ్చాయి. కూతురికి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఆ లోపల కప్పు వెయ్యాలని మేస్త్రమ్మ పట్టుబట్టింది. అప్పుడే రాకూడని నెలలో వాన వచ్చింది. రెండు రోజులు కురిసింది. గోడల మీద కప్పిన పట్టాలు ఎగిరిపోలేదు, పైనుంచి చుక్క దిగలేదు. కాని మూడో రోజు పొద్దున ఆమె పైకి వెళ్లేసరికి పడమటి గోడ అడుగున ఉబ్బి ఉంది. ఆమె చూస్తుండగానే అది మెల్లగా కూర్చుంది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. అలసిన మనిషి చతికిలబడినట్టు దిగిపోయింది.

కబురు విని బావగారు ఆదివారం దాకా ఆగకుండా వచ్చాడు. కూలిన గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ రోజు హాస్యమాడలేదు. పదిహేను బస్తాలు పంపిస్తాననీ, ఇందులో చిన్నబోవలసింది ఏమీ లేదనీ, ఇటుకతో కడితే నెలలో అయిపోతుందనీ నెమ్మదిగా చెప్పాడు. ఎగతాళి చేసి ఉంటే ఆమె తట్టుకునేది. ఆ మంచి మాటకే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం దాకా ఆ మట్టి ముందు కూర్చుంది. ఎందుకు కూలిందో ఆమెకు తెలుసు. మూడు వైపులా రాతి పునాదిని నేల మీద మోకాలెత్తు లేపింది. పడమటి వైపు మాత్రం రెండు వరసలతో ఆపేసింది. దగ్గర్లో రాళ్లు అయిపోయాయి, దూరం నుంచి మోయాలంటే ఇంకో వారం పడుతుంది. చాల్లే, ఇటు వైపు గట్టు అడ్డం ఉంది కదా అనుకుంది. ఆ గట్టు మీంచే నీళ్లు వచ్చి గోడ కాళ్లు తడిపాయి.

భోజనాల దగ్గర అందరి ముందూ అంది. "తప్పు మట్టిది కాదు. తొందరపడ్డాను. పడమటి పునాది నేనే తక్కువ కట్టాను. అది మళ్లీ కడతాను. బస్తాలు వద్దు బావగారూ."

భర్త అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గునపం భుజాన వేసుకుని పైకి నడిచాడు. ఆయన ఇచ్చిన ఉపన్యాసం అదే.

మిగిలిన పడమటి గోడను వాళ్లే పడగొట్టారు. వాగు దాకా పోయి రాళ్లు మోసుకొచ్చారు. గట్టు పక్కన నీళ్లు మళ్లిపోయేలా కాలువ తీశారు. కూలిన మట్టినంతా మళ్లీ తడిపి, మళ్లీ తొక్కి, మళ్లీ గోడకెత్తారు. పోయింది కష్టమే గాని సరుకు చెంచాడు కూడా పోలేదు. అత్తగారు ఇదంతా చూసింది. మరుసటి ఆదివారం పెద్దకొడుకు రాగానే ఆ మాటే ఎత్తింది.

"పడిపోయిన గోడతోనే మళ్లీ గోడ కట్టారురా. నీ కొట్లో సరుక్కి ఆ గుణం ఉందా?"

అప్పటి నుంచి అత్తగారు గట్టు మీంచి సాధించడం మాని, ఎండు గడ్డి తరగడానికి కూర్చుంది.

కూతురి సెలవులు వచ్చాయి, పోయాయి. గది ఆ తర్వాత రెండు నెలలకు పూర్తయింది. గోడకు వాన తగలకుండా చూరు నాలుగడుగులు బయటికి వచ్చింది. సున్నపు పూత, లోపల మెత్తగా రుద్దిన మట్టి నేల, దాని మీద అవిసె నూనె నాలుగు పూతలు. నడిస్తే పాదానికి తోలులా తగులుతుంది. కప్పు మీద ఎండతో కరెంటు ఇచ్చే పలక ఒకటి. రెండు దీపాలు, ఒక ఫ్యాను. బడి కిటికీల్లోంచి కిందికి జామతోట మొత్తం కనిపిస్తుంది. నల్లబల్లతో చేసిన భోజనబల్ల మీద రాత చెరిగిపోయినా, వెలుగు పడే వైపు నుంచి చూస్తే ఎవరో వేసిన కూడిక గుర్తులు ఇంకా మసగ్గా కనిపిస్తాయి. స్నానం చేసిన నీళ్లు ఇసుక గుంతలో వడకట్టి నిమ్మచెట్లకు పోతాయి. కొట్టిన చెట్టు లేదు. బావి తాడు కదలలేదు.

అప్పటిదాకా ఆమె తండ్రికి ఈ సంగతి చెప్పలేదు. బాగా రాకపోతే ఆయన ముఖం చూడలేననుకుంది. ఇప్పుడు బస్సెక్కి పట్నం వెళ్లి ఆయనను వెంటబెట్టుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగా ఆనదు. కూతురి చెయ్యి పట్టుకుని జామతోట ఎక్కి, వరండా ముందు నిలబడ్డాడు. గోడ దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి తీయకుండానే గది చుట్టూ నడిచాడు. బొటనవేలి గోటితో గీకాడు. ఒక మూలకు భుజం ఆనించి నిలబడ్డాడు. దారం అడిగాడు. గుండు కట్టిన దారాన్ని నాలుగు చోట్ల వేలాడదీసి, కళ్లు కనబడక, దారానికీ గోడకూ మధ్య సందును వేలితో తడిమి చూశాడు. నిచ్చెనమ్మా గలగలమ్మా పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే పిల్లల్లా నిలబడ్డారు.

తలుపు పక్కన గోడ గుండ్రంగా మలుపు తిరుగుతుంది. అక్కడ ఆయన చాలాసేపు ఆగాడు.

"ఈ మూల ఎలా తిప్పావు తల్లీ?" అన్నాడు.

ఎవరిని అడుగుతున్నాడా అని ఆమె పక్కకు చూసింది. జన్మలో ఆయన ఎవరినీ ఇలా అడగలేదు. ఇలా చెయ్యి అని చెప్పడమే తప్ప ఎలా చేశావని అడగడం ఎరగడు. ఆమె చెప్పింది. మూల దగ్గర గడ్డి నిలువుగా కాకుండా అడ్డంగా, చాప అల్లినట్టు వేసిందట. ప్రతి వరసనూ అరచేత్తో కాక మోచేత్తో నొక్కిందట. సగం ఆరినప్పుడు చెక్క గరిటెతో కొట్టిందట. ఆయన కొత్తగా పనిలో చేరినవాడిలా తల ఊపుతూ విన్నాడు. విన్నాక ఆ ఇద్దరు ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"యజమాని వచ్చినప్పుడల్లా దీని చేతిలో తాపీ లాక్కునేవాణ్ణి. వాళ్ల కళ్లెదుటే కట్టనివ్వాల్సింది. నాకు ధైర్యం చాల్లేదు," అన్నాడు.

అని, కాళ్లు లాగుతున్నాయి, ఎవరైనా టీ పోస్తారా లేదా అని కసిరాడు. మేస్త్రమ్మ టీ తేవడానికి కిందికి వచ్చి, పొయ్యి ముందు కాసేపు ఊరికే నిలబడింది. టీ పొడి డబ్బా ఎక్కడుందో గుర్తుకు రాలేదు. ఇరవై ఏళ్లుగా అది అదే అరలో ఉంది.

కట్టడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. కూతురు హాస్టల్ నుంచే ఫోనులో ప్రకటన పెట్టింది. పచ్చని తోట, ప్రశాంతత, పక్షుల కిలకిలలు అంటూ మురిపెంగా రాసింది. మొదటగా ఒక జంట నాలుగు పెట్టెలతో దిగింది. టీవీ ఎక్కడ అన్నారు. ఏసీ ఎక్కడ అన్నారు. మరుగుదొడ్డి తలుపు తీసి నీళ్ల గొట్టం ఎక్కడ అన్నారు. తొట్టెలోని నీళ్లు ఒక్క పూట స్నానాలకే సగం చేశారు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. వెళ్లి ఫోనులో నాలుగు పుల్లవిరుపు మాటలు రాశారు. చదివి కూతురు ఏడ్చింది.

మేస్త్రమ్మ ఒక రోజంతా ఆలోచించి కూతురికి ఫోన్ చేసింది. ఉన్నవన్నీ తీసేసి, ముందు ఏమేం లేవో రాయమంది. కూతురు అలాగే రాసింది. టీవీ లేదు, ఏసీ లేదు. నీళ్లు వాన ఇచ్చినన్నే. మరుగుదొడ్డిలో రంపపు పొట్టు వెయ్యాలి, ఎలాగో చెబుతాం. ఆవులను బెదరగొట్టకూడదు. ఈ మాటలన్నీ నచ్చితేనే రండి. ఆ ప్రకటన చూసి మూడు వారాలు ఎవరూ రాలేదు. బావగారు, వ్యాపారం చెయ్యమంటే వైరాగ్యం బోధిస్తున్నారు అన్నాడు. నాలుగో వారం పక్షుల మేడమ్ వచ్చింది. ఆమె వెనక ఆమె స్నేహితులు. తర్వాత ముక్కూ ముఖం తెలియనివాళ్లు. వచ్చినవాళ్లలో ఎవరూ టీవీ అడగలేదు. అది లేదని చదివే వచ్చారు మరి.

మరుగుదొడ్డి గురించి చెప్పే బాధ్యత ఎవరూ అప్పగించకుండానే అత్తగారు తీసుకుంది. ఒకప్పుడు అన్నం మానేసిన మనిషి, ఇప్పుడు చేతిలో పొట్టు డబ్బాతో అతిథుల కోసం ఎదురుచూసేది. రెండు దోసిళ్లు, తక్కువ కాదు, సిగ్గుపడకండి, మీరిచ్చింది ఏడాది తిరిగేసరికి చెట్ల పాదుల్లోకి పోతుంది, జామకాయ తింటూ మళ్లీ దాని గురించి ఆలోచించకండి అని గడగడా చెప్పేది. పెద్ద ఉద్యోగుల్లా కనిపించేవాళ్లు కూడా బుద్ధిగా తల ఊపేవాళ్లు. భర్తకు కొత్త అలవాటు అబ్బింది. అతిథులను తోటలో తిప్పి అంటు కట్టడం చూపించేవాడు. ఒకరోజు ఆయన ఒక గంట ఆపకుండా మాట్లాడాడని గలగలమ్మ పరుగెత్తుకొచ్చి చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

రెండో ఏడు ఒక పెద్దమనిషి భార్యతో వచ్చి రెండు రోజులున్నాడు. కాలేజీలో ఇళ్లు కట్టే చదువు చెప్పే మాస్టారు. మిట్టమధ్యాహ్నం బయటొకసారి, గదిలో ఒకసారి ఉష్ణమాపకం పెట్టి చూశాడు. లోపల తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంది. నమ్మలేక మళ్లీ చూశాడు. నిచ్చెన మీద చూరు గొట్టంలోని ఆకులు తీస్తున్న మేస్త్రమ్మను పిలిచి అడిగాడు.

"అమ్మా, ఈ గది కట్టిన మేస్త్రి ఎక్కడుంటాడు? ఒకసారి మాట్లాడాలి."

ఆమె జవాబు చెప్పేలోగా చెట్ల చాటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నిచ్చెన మీద ఉంది కదయ్యా. చూసుకో."

మాస్టారు నాలుక కరుచుకున్నాడు. ఆ సాయంత్రమంతా కాగితం, పెన్ను పట్టుకుని ఆమె వెనకే తిరిగాడు. నెల తర్వాత కాలేజీకి పిలిపించాడు. ఎత్తు అరుగు, ఎదురుగా నూటికి పైగా పిల్లలు. మాట్లాడవలసింది ఆమె కాగితం మీద రాసుకొచ్చింది. ఆమె దాన్ని మడిచి పక్కన పెట్టి, బస్సులో తెచ్చుకున్న రెండు బస్తాల మట్టిని చూపించి, ముందు అందరూ చెప్పులు విప్పండి అంది. ఆ మధ్యాహ్నం కాలేజీ వెనక ఆవరణలో నూరు జతల కాళ్లు అడుసు తొక్కాయి. గుండ్రటి మూల ఎందుకు నిలబడుతుంది, చూరు ఎందుకు బయటికి రావాలి, మోకాలెత్తు పునాది తగ్గిస్తే ఏమవుతుంది, అన్నీ చెప్పింది. తన పడమటి గోడ కూలిన సంగతి కూడా దాచకుండా చెప్పింది. పిల్లలు అన్నిటికంటే శ్రద్ధగా విన్నది దాన్నే.

బావగారి కొట్లో ఇప్పుడు ఒక పక్క సున్నం బస్తాలున్నాయి. మట్టి ఇల్లు కట్టుకుంటామని ఎవరైనా వస్తే, ముందు రెండు మాటలు విసిరి, తర్వాత మేస్త్రమ్మగారిని అడగండని చిరునామా రాసిస్తాడు. చుట్టుపక్కల తోటల్లో ఇప్పటికి ఇలాంటి గదులు మూడు లేచాయి. రెండు చోట్ల మేస్త్రమ్మ దగ్గరుండి కట్టింది. మూడోది నిచ్చెనమ్మా గలగలమ్మా సొంతంగా ఒప్పుకుని కట్టారు. అది చూడ్డానికి వెళ్లి మేస్త్రమ్మ ఒక కిటికీ కింద గోడ జానెడు విప్పించి మళ్లీ కట్టించింది. వాళ్లు గొణుక్కుంటూనే కట్టారు. బయటికి మాత్రం వాళ్ల పని చాలా బాగుందని ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ చెప్పింది.

ఈ ఏడు ఎండలు తగ్గాక ఒకసారి అతిథులు ఆఖరి నిమిషంలో రావడం మానుకున్నారు. గది తుడిచి, పక్క పరిచి సిద్ధంగా ఉంది. పొద్దున్నే అత్తగారు చిన్న సంచిలో చీర, దువ్వెన, కళ్లజోడు సర్దుకుని బయల్దేరింది. ఎక్కడికి అత్తయ్యా అంటే, ఇవాళ నేనే అతిథిని అంది. డెబ్భై మూడేళ్ల జీవితంలో ఆమె ఎవరింటికీ అతిథిగా వెళ్లి ఒక పూట ఊరికే కూర్చున్నది లేదు. ఎక్కడికి పోయినా వంటింట్లోనో పొలంలోనో పని చేసే మనిషే.

మేస్త్రమ్మ ఆమెకు తాళంచెవి ఇచ్చింది, అందరికీ ఇచ్చినట్టే. నీళ్ల తొట్టె గుర్తు ఎక్కడుందో చూపించింది. పొట్టు సంగతి చెప్పబోతే అత్తగారు చేత్తో ఆపేసింది. మధ్యాహ్నం భర్త భోజనం మోసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. సాయంత్రం మేస్త్రమ్మ వెళ్లేసరికి అత్తగారు వరండాలో కుర్చీలో కాళ్లు చాపుకుని, తన తోటను తనే కొత్తగా చూస్తున్నట్టు కూర్చుని ఉంది. పక్కన గోడ మీద ఒక చెయ్యి ఆనించి ఉంది. లోపల చల్లగా ఉందనీ, మధ్యాహ్నం నిద్ర పట్టిందనీ, పగలు నిద్రపోవడం పెళ్లయ్యాక ఇదే మొదలనీ చెప్పింది. దిండు కొంచెం ఎత్తు తక్కువైందని ఒక ఫిర్యాదు కూడా చేసింది.

"రేపు ఎవరైనా వస్తున్నారా?" అని అడిగింది.

"లేదత్తయ్యా. ఎల్లుండి దాకా ఎవరూ లేరు."

"అయితే ఇంకో రోజు ఉంటాను. పొద్దున టీ పైకే పంపించు."